మట్ట గాలి మింగేదాకా

"మట్టల తొట్టిల నీళ్లు మార్చినవా?"

"మార్చిన. ఇగ నోరు మూస్కొని పండుకో."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలివి. వరంగల్‌లో ఒక దవాఖాన, ఆపరేషన్ గది తలుపు ముందు చక్రాల మంచం మీద ఉన్నాడు. పొద్దటి నుంచి చుక్క చాయ కూడా తాగనివ్వలేదని నర్సు మీద కోపం, ఆమెకు అడ్డం చెప్పలేదని నా మీద కోపం. కడుపు నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా అడిగింది చేపల సంగతే. నేను నిజంగానే మార్చాను. దవాఖానకు బయలుదేరే ముందు, ఆటో గేటు ముందు ఆగి ఉండగా, చీర దోపుకుని తొట్టి నీళ్లు మార్చి వచ్చాను. ఆ మాట పూర్తిగా చెప్పే లోపల మంచం కదిలింది. తలుపు మూశారు. మత్తు ఇచ్చారు, పొట్ట కోశారు. ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు.

ఆఖరి మాట "నోరు మూస్కో" అయిందే అని చాలామంది నా తరఫున బాధపడ్డారు. నేను పడలేదు. పెళ్లయిన నాటి నుంచీ మేము అట్లాగే మాట్లాడుకున్నాం. ఆ రోజు నేను మెత్తగా మాట్లాడి ఉంటే ఆయన బెదిరిపోయేవాడు.

ఇది చెబుతున్నది నేను, రాస్తున్నది మా మరిది, ఆయన తమ్ముడు. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. మరిది పదో తరగతి దాకా పోయాడు. "వదినె, నువ్వు మాట్లాడినట్టే రాస్తే ఎవ్వలు చదువుతరు? పుస్తకంల ఉన్నట్టు రాస్త" అన్నాడు. సరే అన్నాను. "మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం మాటల్లెక్కనే ఉంచు. సర్దినవంటే కాగితం చింపుత" అని కూడా అన్నాను. నాది గరుకు గొంతు. చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు అరిచి అరిచి అట్లా అయింది. మెల్లగా చెప్పమంటే రాదు. వేగంగా రాయడం అతనికి రాదు. ఇద్దరం ఇట్లా కూర్చున్నాం.

మా ఊరు నర్సంపేటకు దగ్గర. మాది చేపల పని చేసే ఇల్లు. ఊరి చెరువులో చేపల సంఘం వాళ్లందరితో కలిసి వల వేయడం ఒకటి, ఇంటి వెనక మడిలో తవ్వించిన గుంటలు ఇంకొకటి. ఆ గుంటలు మా ఆయనవి. వాటిలో ఆయన పెంచింది కొర్రమట్టలను. పట్నం వాళ్లు కొర్రమీను అంటారు, మేము ఉత్తగా మట్ట అంటాం. పాము తల లాంటి తల, నల్లని వీపు. నీళ్లలోనే బతుకుతుంది గానీ నీళ్లలో ఉన్న గాలి దానికి చాలదు. కాసేపటికోసారి పైకి వచ్చి, నోరు తెరిచి, గాలి మింగి మళ్లీ కిందికి పోతుంది. అప్పుడు బుడుక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. మా ఆయన ఒడ్డున కూర్చుని బీడీ కాలుస్తూ ఆ చప్పుడు వినేవాడు. "మన లెక్కనే ఊపిరి తీస్కుంటదే ఇది" అనేవాడు నాతో.

మట్ట పిల్లలు అంత సులువుగా దొరకవు. ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకోవాలి, వచ్చేసరికి సంచిలోనే సగం పోతాయి. అందుకని ఆయన తన పిల్లలను తానే పుట్టించుకోవాలనుకున్నాడు. వేలంత పిల్లలను తెచ్చి, ముందు తొట్టిలో ఉంచి, చిన్న చేపలు తినిపించి, మూరెడు పొడుగు తల్లులను చేశాడు. అందులో తోక మీద కోసినట్టు గీత ఉన్న ఒక పెద్ద తల్లి ఉండేది. దాన్ని దొరసాని అని పిలిచేవాడు. మేత వేయడం ఆలస్యమైతే నీళ్లను తోకతో కొట్టేది. నా మాట కన్నా దాని మాట ముందు వినేవాడు.

వానాకాలంలో తల్లికీ పోతుకూ సూది మందు ఇస్తే గుడ్లు పెడతాయి. సూది వేయాలంటే చేపను చేతిలో పట్టుకోవాలి. మట్టను పట్టుకోవడమంటే ఎగిరే దూడను తడి చేతులతో పట్టుకోవడం. మా ఆయన పద్ధతి ఒకటే. తడి తువ్వాల కళ్ల మీద కప్పి, చేపను ఎదకు అదుముకునేవాడు. అది కొట్టుకునేది, ఈయన ఇంకా అదిమేవాడు. చేప ఒంటి మీద జిగురు ఉంటుంది, అది దాని తోలు మీద తోలు. ఆ జిగురు ఈయన అంగీకి అంటుకుపోయేది. జిగురు పోయిన చోట కొన్నాళ్లకు దూది లాంటి బూజు పట్టేది. ఆయన చనిపోయే ముందు వానాకాలంలో మంచి తల్లులు అట్లాగే పోయాయి. బతికినవి బెదిరిపోయి గుడ్లు పెట్టలేదు. ఆయన రోజంతా అన్నం ముట్టలేదు.

ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది, వాళ్ల నాయన నుంచి వచ్చింది. చేతిలోకి తీసుకున్న తల్లి చేపను నేలకు తాకించకూడదు. చేతి నుంచి నేరుగా గుంటలోకే వదలాలి, "పో తల్లీ" అనాలి. అన్నదమ్ములిద్దరికీ ఆ మాట పాలతో పాటు తాగించారు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆయన పోయాక ఎండాకాలం చివర మరిది వచ్చి ఒడ్డున నిలబడ్డాడు.

"వదినె, వానలు పడకముందే మట్టలను అమ్మేద్దాం."

"తల్లులను కోతకు ఇస్తవా?"

"ఉంచి ఏం జేస్తం? అన్న అంతటోడే పట్టలేకపాయె. నువ్వూ నేనూ పడ్తమా? సూది పెట్టవోతే సచ్చిపోతయ్. సచ్చినంక ఎవ్వడు గొంటడు?"

అతను అన్నది తప్పు కాదు. అయినా నాకు దొరసాని తోక మీది గీత కనబడింది. "ఈ ఒక్క వాన చూద్దాం" అన్నాను. "ఈ వానకు పిల్ల రాకుంటే నువ్వన్నట్టే. కత్తిపీట నేనే తెచ్చి ఏస్త."

"మాటనా?"

"మాటనే."

ఒప్పందం అట్లా కుదిరింది. ఈ వానకు పిల్ల రావాలి. రాకపోతే మా ఆయన పెంచిన తల్లులు కత్తిపీట మీదికి పోతాయి, ఇంటి వెనక గుంటలు పూడ్చి మక్కజొన్న పెడతారు.

నేను ఊరుకునే మనిషిని కాదు. బస్సెక్కి వరంగల్ పక్కన సుబేదారికి పోయాను. అక్కడ చేపల సంగతులు చెప్పే ఒక మేడం ఉంటుంది, మా సంఘం ఆడవాళ్లకు తెలిసిన మనిషే. నాకన్నా చాలా చిన్నది, వేగంగా మాట్లాడుతుంది. మా ఆయన చేపలను ఎట్లా పట్టేవాడో అంతా చెప్పాను. ఆమె విని, "అంత కొట్టుకునే చేపను బలంతో ఎందుకు పడతారమ్మా? కొంచెం మత్తు ఇచ్చి చేయండి. దానికీ దెబ్బ తగలదు, మీకూ తగలదు" అంది.

నేను లేచి నిలబడ్డాను.

"ఆ మాట నా ముందల అనకు మేడం. మా ఆయన మత్తుల పోయి లేవలే."

ఆమె లేచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఏం జరిగిందని అడిగింది. చెప్పాను. పేగు మెలిపడింది, మేము తీసుకుపోయేసరికే లోపల కుళ్లింది, విషం రక్తంలోకి ఎక్కింది, గుండె తట్టుకోలేదు, మత్తు వల్ల కాదమ్మా అని డాక్టరు చెప్పాడు. వాడలో వాళ్లు మాత్రం మత్తు ఎక్కువైంది అన్నారు. డాక్టరు మాటను నా బుర్ర నమ్మింది. వాడవాళ్ల మాటను నా కడుపు నమ్మింది.

మేడం అంది: "మత్తు ఊరికే మంచిదని నేను చెప్పనమ్మా. ఎక్కువైతే చంపుతుంది. ఎక్కువసేపు ఉంచినా చంపుతుంది. అందుకే ఇచ్చినవాళ్లు పక్క నుంచి కదలకూడదు. మొప్పలు తెరుచుకుంటున్నాయా, మూసుకుంటున్నాయా, అదే చూస్తూ ఉండాలి. మీకు కదలకుండా చూడటం వచ్చా?"

"అదొక్కటే ఒచ్చు నాకు" అన్నాను.

నిజం. ఆపరేషన్ గది బయట ఆ రోజు నేను చేసిన పని అదే. కాకపోతే అక్కడ మధ్యలో తలుపు ఉంది. చేపల తొట్టికి తలుపు ఉండదు.

మందు ఏమిటని అడిగితే లవంగ నూనె అంది. నాకు అంత బాధలోనూ నవ్వు వచ్చింది. మా ఇంటి గూట్లో ఎప్పుడూ లవంగ నూనె సీసా ఉండేది, ఆయన పుచ్చు పంటికి. దూదిలో ముంచి పెడితే దవడంతా మొద్దుబారేది, అప్పుడు కూడా ఊరుకోకుండా సగం నోటితో తిట్టేవాడు. మనిషి దవడను మొద్దుబార్చేది చేపనూ మొద్దుబారుస్తుందంటే నాకు నమ్మకం కుదిరింది. "నూనె నీళ్లలో కలవదు. ముందు స్పిరిట్‌లో కరిగించి, బాగా ఊపి, అప్పుడు నీళ్లలో కలపాలి. మొదట తల్లుల మీద కాదు, మామూలు చేప మీద చూడండి" అని చెప్పింది. ఏ స్పిరిట్ అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇంటికి వచ్చి చెబితే మరిది నవ్వాడు.

"స్పిరిట్ అంటే సారనే గద వదినె. దానికి మన వాడల కరువా?"

పోయి ఎక్కడి నుంచో గుడుంబా సీసా పట్టుకొచ్చాడు. మూత తీసి వాసన చూసి, మంచి సరుకే అన్నట్టు తలాడించాడు. అతని భార్య, మా తోటికోడలు, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"చేపలకు తాగవోస్తానవా? ముందుగాల నీకు దిగనియ్యి."

"నాకు దిగి శాన ఏండ్లయింది."

"ఔ, దిగి పొట్టల గడ్డ గట్టింది."

పంటి నూనెను గుడుంబాలో పోసి ఊపి, ఒక పెద్ద తొట్టి నీళ్లలో కలిపాం. ఊరి చెరువులో పట్టిన రవ్వ చేపను అందులో వేశాం. పట్నం వాళ్లు దాన్నే రోహు అంటారు. నూనె కరగలేదు. పులుసు మీద తేలినట్టు కళ్లు కళ్లుగా తేలింది. రవ్వ కాసేపు అడుగున దాక్కుంది. తర్వాత పైకి వచ్చి ఆ నూనె కళ్లను మొప్పల నిండా పట్టించుకుంది. తొట్టి గోడకు తల బాదుకుంది. మేము బయటికి తీసేసరికి అయిపోయింది.

ముందు గొంతు విప్పింది మరిదే.

"సచ్చినంక ఇగ ఏమున్నది. పులుసు వెట్టుకుందం. లవంగం అండ్లనే ఉన్నది, మసాల గూడ అక్కర్లే."

"ముట్టినవంటే చెయ్యి ఇరగ్గొడ్త" అన్నాను. మత్తు మందులో పడ్డ చేపను తినకూడదు, అమ్మకూడదు, ఎవరికీ ఊరికే కూడా ఇవ్వకూడదని మేడం గట్టిగా చెప్పింది. ఆ మందు చేప కండలో ఎన్నాళ్లు ఉంటుందో మనకు తెలియదు. "నాలుక మొద్దువడి మాట వడిపోతే, ఈ ఇంట్ల నాకు ఎదురు చెప్పేటోడు ఉండడు" అన్నాను. రవ్వను తీసుకుపోయి బొప్పాయి చెట్టు మొదట్లో పాతిపెట్టాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో మందు తగిలిన చేప కూర చేప కాదు. ఈ మాట మీద నేను ఇప్పటికీ ఎవరితోనూ బేరమాడను.

ఫోన్ చేసి చెబితే మేడం ముందు నవ్వాపుకుంది, తర్వాత ఆపుకోలేదు.

"సారా కాదమ్మా! అందులో ఏముంటుందో కాసినవాడికే తెలియదు. మెడికల్ షాపులో గాయం తుడిచేది కూడా వద్దు, దాంట్లో వేరే మందులు కలుపుతారు. పంటి నూనె కూడా వద్దు. శుభ్రమైనవి నేనిప్పిస్తాను, మీరు వచ్చి తీసుకోండి."

"ఆ ముక్క ముందుగాల చెప్తే ఒక చేప బతుకుతుండె గదా మేడం."

"నా తప్పే. చెప్పాల్సింది."

తప్పు ఒప్పుకున్న మనిషి మీద నాకు గురి కుదురుతుంది. మళ్లీ సుబేదారి పోయాను. ఎన్ని నీళ్లకు ఎంత మందు అన్నది ఆమె నాతో ముమ్మారు చెప్పించింది. నీళ్లు వేడిగా ఉంటే మందు తొందరగా ఎక్కుతుందని, చేప చిన్నదైతే ఇంకా జాగ్రత్త అని, మొదట తక్కువతోనే మొదలుపెట్టాలని చెప్పింది. మందు తొట్టి నీళ్లు చేప ఉన్న గుంట నీళ్లే కావాలి, బోరు నీళ్లు పోయకూడదు. నీళ్లలోకి గాలి ఊదే మర ఆడుతూ ఉండాలి. మందు కలిపేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలి, కంటికి తాకనివ్వకూడదు. మందు వాడిన నీళ్లను గుంటలో పారబోయకూడదు. కొలిచేందుకు సూది లేని సిరంజి ఇచ్చింది. కొలతను నేను బుర్రలో పెట్టుకున్నాను, మరిదిని సిరంజి మీద పెన్నుతో గీత గీయమన్నాను. చదువు రాకున్నా గీత కనబడుతుంది.

రెండోసారి తొట్టి పక్కన పీట వేసుకుని నేనే కూర్చున్నాను. ఈసారి మందు నీళ్లలో పాలలా కలిసి మాయమైంది. రవ్వ మొదట తాగినవాడిలా వంకరగా ఈదింది. తర్వాత ఒక పక్కకు ఒరిగింది. తోక పట్టుకుంటే గుంజుకుంది, ఇంకా కాలేదన్నమాట. కాసేపాగి మళ్లీ పట్టుకుంటే గుంజుకోలేదు. మొప్పలు మాత్రం నెమ్మదిగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. అక్కడే ఆగాలి. మొప్పలు ఆగేదాకా చూస్తే చేపను చూసినట్టు కాదు, శవాన్ని చూసినట్టు.

"తియ్" అన్నాను.

మరిది తడి చేతులతో తీసి మంచి నీళ్ల తొట్టిలో పెట్టాడు. చేప అడుగున ఒరిగి పడి ఉంది. నేను ఆ తొట్టి మీదికి వంగాను. నా ఊపిరి నాకు వినబడింది. మొప్ప కదిలింది, ఇంకోసారి కదిలింది, రెక్క విదిల్చింది, లేచింది. లేచి తోక కొట్టి నా మొహం నిండా నీళ్లు చిమ్మింది. మొహం తుడుచుకున్నాను. అవి తొట్టి నీళ్లే. మరిది వేరేగా రాసుకుంటే రాసుకోనీ.

అట్లా వానలు వచ్చేదాకా రవ్వల మీద చెయ్యి తిప్పుకున్నాం. ఎవరి పని వాళ్లకు పంచాను. మందు కొలవడం, మొప్పలు చూడటం నావి. తొట్టి పక్కన కూర్చున్నంతసేపు నాతో ఎవరూ మాట్లాడకూడదు. పట్టుకోవడం, సూది వేయడం మరిదివి. కళ్ల మీద తడి గుడ్డ కప్పి, ఒంటి మీద నీళ్లు చల్లుతూ ఉండటం తోటికోడలిది. నేను "తియ్" అంటే తీయాలి, ఎందుకని అడగకూడదు. మా ఇంట్లో నా మాట మీద ఇంకో మాట లేని చోటు అదొక్కటే.

"అక్కా, పెద్ద డాక్టరమ్మవైనవ్" అనేది తోటికోడలు.

"నీ మొగని నోటికి గూడ ఒక చుక్క ఎయ్యనా చెప్పు?"

"జర రెండు చుక్కలెయ్యి అక్కా. పండుగ లెక్కుంటది ఇల్లు."

వాన పట్టింది. మేడం ఫోన్ చేసి ఒక సంగతి మళ్లీ మళ్లీ చెప్పింది. "మట్ట రవ్వ లాంటిది కాదమ్మా. అది పైకి వచ్చి గాలి మింగాలి. మత్తులో ఉంటే పైకి రాలేదు. చేప అయ్యుండి నీళ్లలో మునిగి చస్తుంది. పూర్తిగా లేచేదాకా లోతు నీళ్లలో వేయకండి. వెడల్పు తొట్టిలో వీపు మునిగీ మునగనట్టు నీళ్లు పోసి, మూతి పైకి ఉండేలా పట్టుకోండి. తనంతట తాను గాలి మింగాలి. అప్పటిదాకా వదలొద్దు."

ఫోను పెద్ద గొంతుతో పెట్టి ముగ్గురం విన్నాం. మరిది "విన్న, విన్న" అన్నాడు. రేకుల పందిరి కింద వెడల్పు తొట్టి పెట్టాం. ముందు రోజు నుంచే మట్టలకు మేత ఆపేశాను. కడుపు నిండా తిని మత్తులోకి పోతే కక్కుకుంటాయి, నీళ్లు పాడవుతాయి. దొరసాని పొద్దున్నే వచ్చి నీళ్లను తోకతో కొట్టింది, మేత ఏదని. చుక్క చాయ లేదని అరిచిన మనిషి గుర్తొచ్చాడు. "ఈ పూటకు లేదు పో" అని కసిరాను. నర్సు కూడా ఆ రోజు అట్లాగే కసిరింది.

ముందు పోతు మట్ట. మందు తొట్టిలో ఒరిగింది, తీశాం, వీపు రెక్క పక్కన సూది వేశాం, వెడల్పు తొట్టిలో పట్టుకున్నాం. బుడుక్కుమని గాలి మింగింది. ఎదకు అదుముకోలేదు, జిగురు పోలేదు. తోటికోడలు చప్పట్లు కొట్టబోతే కళ్లతోనే ఆపాను.

తర్వాత దొరసాని. పెద్ద ఒళ్లు, మెల్లగా ఎక్కింది మత్తు. దాని మొప్పల మీద నుంచి నా కన్ను తిప్పలేదు. "తియ్" అన్నాను. సూది కూడా సరిగ్గా దిగింది. అప్పుడే వాన ఒక్కసారిగా పెరిగి, రేకుల మీద రాళ్లు పోసినట్టు చప్పుడు. నేను మందు తొట్టి మీద మూత పెట్టడానికి అటు తిరిగాను. మరిది రెండు చేతుల మీద దొరసానిని పెట్టుకుని లేచాడు. వెడల్పు తొట్టి నేల మీద ఉంది. అతని చేతుల్లో అన్న పెంచిన తల్లి ఉంది. నేలకు తాకించకూడదన్న మాట అతని బుర్రలో కాదు, కాళ్లలో ఉంది. ఆ కాళ్లు గుంట వైపు నడిచాయి. నేను తిరిగి చూసేసరికి ఒడ్డున వంగి, చేతులు విప్పుతూ, ఎంతో భక్తిగా "పో తల్లీ" అంటున్నాడు.

"ఏం జేసినవ్ రా!"

నా అరుపుకు అతను తెలివిలోకి వచ్చాడు. నేను చీరతోనే గుంటలోకి దూకాను. రొమ్ముల దాకా నీళ్లు, అడుగంతా బురద. నీళ్ల మీద వాన చినుకుల గుంతలే తప్ప బుడగ లేదు. కళ్లు పనికిరావు, బురదకు నీళ్లు ఎర్రగా ఉన్నాయి. కాళ్లతో వెతికాను. అడుగు ఎత్తి వేస్తే తొక్కుతానేమోనని ఈడ్చుకుంటూ వెతికాను. రాయి, కర్ర, మళ్లీ రాయి. తర్వాత వేళ్లకు మెత్తగా, జారుడుగా తగిలింది. ముక్కు మూసుకుని మునిగాను. ఒక చెయ్యి పొట్ట కింద, ఒక చెయ్యి గొంతు కింద వేసి, అదమకుండా పైకి లేపాను. దాని మూతి నీళ్ల పైన పెట్టాను.

మొప్పలు కదలడం లేదు. కాదు, చూస్తూ ఉంటే, ఉందా లేదా అన్నంతగా ఒకసారి కదిలాయి.

మరిది కూడా గుంటలోకి దిగాడు. ఏడుస్తున్నాడు. "సచ్చిందా వదినె? అన్న దొరసానిని సంపిన్నా?"

"నోరు మూస్కొని గొడుగు వట్టు. దాని నోట్లె వాన వడ్తాంది."

తోటికోడలు ఒడ్డు నుంచి అందించిన గొడుగు పట్టాడు. నేను చేపను మెల్లగా ముందుకు నడిపించాను, మొప్పల్లోంచి నీళ్లు పారేట్టు, మూతి మాత్రం మునగకుండా. గుంటలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. మొక్కుకోలేదు. మొక్కుకుంటే కళ్లు మూసుకోవాలి. నేను మొప్ప మీది నుంచి కన్ను తీయదలచుకోలేదు. ఎంతసేపో చెప్పలేను. నా చేతులు తిమ్మిరెక్కాయి. మొప్ప కదలిక కాస్త పెరిగింది. దవడ వణికింది. ఆ తర్వాత నోరు తెరుచుకుని, నా బొటనవేలు పక్కనే, బుడుక్కుమంది.

గాలి మింగింది.

మరిది గొడుగు వదిలేసి ఒడ్డు మీద తల ఆనించాడు. నేను వదల్లేదు. ఒకసారి మింగితే లేచినట్టు కాదు. మళ్లీ మింగనిచ్చాను. ఒడ్డెక్కి వెడల్పు తొట్టిలో పెట్టి, అక్కడ కూడా పట్టుకునే కూర్చున్నాను. చివరికి అది నా చేతుల్లోంచి తోకతో ఒక్క దెబ్బ కొట్టి విడిపించుకుంది. ఆ దెబ్బకు మణికట్టు వాచింది. వాపు తగ్గేదాకా అందరికీ చూపించుకున్నాను.

దొరసానినీ పోతునూ వల కప్పిన చిన్న గుంటలో, నీళ్ల మీద తేలే గుర్రపు డెక్క మొక్కలు వేసి వదిలాం. అది ఎంత అలిసిపోయిందో నాకు తెలుసు, గుడ్లు పెడుతుందన్న ఆశ తగ్గింది. కత్తిపీట మాట నాకూ గుర్తుంది, మరిదికీ గుర్తుంది. అతను ఆ మాట ఎత్తలేదు. ఎత్తే మొహం లేదు.

వాన వెలిసిన పొద్దున మేత బుట్టతో పోతే, గుర్రపు డెక్క వేళ్ల నడుమ నీళ్ల మీద మక్కజొన్న నూక పోసినట్టు పసుపు రంగు గుడ్లు తేలుతున్నాయి. ఎవరికీ చెప్పలేదు. గుడ్లు వస్తే సరిపోదు, పగలాలి. కొన్నాళ్లకు మరిది అరుపు ఇంటి దాకా వినబడింది, ఈ ఇంట్లో నా గొంతే పెద్దదనుకునేదాన్ని.

"వదినె! ఎర్రగ తిరుగుతాన్నయ్! ఒక్క ముద్దలెక్క తిరుగుతాన్నయ్!"

మట్ట పిల్లలు చిన్నప్పుడు ఎర్రగా ఉంటాయి, విడిపోకుండా ఒకే ముద్దగా ఈదుతాయి. ఆ ముద్ద కింద, వాటిని కాచుకుంటూ, తోక మీద గీత ఉన్న నల్లని వీపు. మరిది నా వైపు చూసి, "కత్తిపీట దాచిపెట్టుకో వదినె. ఉల్లిగడ్డలు కోసేతందుకన్నా పనికొస్తది" అన్నాడు. మా ఒప్పందం అట్లా ముగిసింది. గుంటలు గుంటల్లాగే ఉన్నాయి. ఆ పిల్లల్లో పెరిగి తల్లులైనవి ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి.

ఇప్పుడు కేసముద్రం వైపు నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి చూసి పోతారు. వాళ్లకు నేను చేసి చూపిస్తాను. మా మామ కాలం నాటి పట్టింపును కూడా మార్చాను. చేతి నుంచి తొట్టిలోకి, తొట్టిలో గాలి మింగాక గుంటలోకి. "పో తల్లీ" అన్న మాట మాత్రం అట్లాగే ఉంచాను, గాలి మింగిన తర్వాత అంటాం. పెద్దలు చెప్పింది మార్చిందని వాడలో ఒకరిద్దరు మూతి తిప్పారు. మా ఆయన ఉంటే ఆయనా తిట్టేవాడు. తిట్టి, మరుసటి వానకు అదే చేసేవాడు.

మత్తు అంటే నాకు ఇప్పుడు భయం లేదు, అలుసు కూడా లేదు. మత్తులోకి పంపడం సిరంజి గీత చేసే పని. వెనక్కి తేవడం మనిషి చేసే పని. ఎంత కాచుకున్నా కొన్ని లేవవు, ఈ వానాకాలాల్లో అది కూడా చూశాను. మొప్పల మీద కన్ను పెట్టి, నా చేతుల్లో ఉండగానే, లోపలే చెడిపోయి పోయిన చేపలున్నాయి. అప్పుడు నాకు తలుపు అవతల నిలబడ్డ ఆ మనుషులు గుర్తొచ్చారు. వాళ్లు కూడా నాలాగే కన్ను తిప్పకుండా చూసి ఉంటారు. డాక్టరు మాటను ఇప్పుడు నా కడుపు కూడా నమ్ముతుంది.

మట్టల తొట్టి నీళ్లు నేనే మారుస్తాను. ఎవరూ అడగరు. "మార్చిన" అని గట్టిగానే అంటాను.

చాలు మరిదీ, ఇగ కలం పక్కకు వెట్టు. చెయ్యి గుంజుతాందా? గుంజనియ్యి. ఇప్పుడు మొదటికెళ్లి చదువు, నేను వింటాన. నువ్వు దొరసానిని గుంటల ఇడిచిన కాడ గొంతు తగ్గించకు, అది గూడ గట్టిగనే చదువు.